ఏ కొలతకు బలహీనం?

పందెం ఉన్నచోట ఎంపిక ఉంటుంది. ఎంపిక ఉన్నచోట కొలత ఉంటుంది. ఏ పుంజును బరిలో దింపాలి, ఏ ఎద్దులను కాడికి కట్టాలి, ఎవరిని జట్టులోకి తీసుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేది ఆ కొలతే. అది ఒకసారి స్థిరపడ్డాక దానికి అందనివన్నీ 'బలహీనమైనవి' అయిపోతాయి. ఆ కొలతను ఎవరు తయారుచేశారు, దేన్ని కొలవడానికి తయారుచేశారు అని అడిగేవాళ్లు తక్కువ. స్త్రీల సాహిత్యం మీద పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అదే ప్రశ్నను ఇక్కడ కాస్త వింత దారిలో, మృగాల పోరాటపు వీడియో ఆటల చరిత్ర మీదుగా అడగాలనుకుంటున్నాను. ఆ ఆటల్లో కొలత అంకెల రూపంలో పైకే కనిపిస్తుంది. సాహిత్యంలోనూ సంసారంలోనూ అది అంత తేలిగ్గా పైకి కనిపించదు.

ముందు మనకు తెలిసిన పందెం దగ్గర మొదలుపెడదాం. పుంజును ఎంచుకోవడానికి తెలుగువాళ్లకు కుక్కుటశాస్త్రం ఉంది. అది ఈకల రంగును బట్టి పుంజులను డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, కౌజు అంటూ విభజిస్తుంది. ఏ రోజు ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుందో, ఏ దిక్కు నుంచి దింపాలో చెబుతుంది. ఒక పుంజు ఎంత పుష్టిగా ఉన్నా, ఆ రోజు దాని రంగుది కాకపోతే శాస్త్రం నమ్మినవాడు దాన్ని దింపడు. శాస్త్రం నిజమా అబద్ధమా అన్నది పక్కన పెడదాం. బలం అన్నది ఒక ప్రాణి ఒంట్లో మాత్రమే ఉండదనీ, ఎదుట ఎవరున్నారు, ఎప్పుడు, ఎక్కడ అన్నదాన్ని బట్టి మారుతుందనీ అది ఒప్పుకుంటుంది. అంత వివరమైన లెక్కలో పెట్టకు మాత్రం చోటు లేదు. గుడ్డు పెట్టి, పొదిగి, గద్ద కంట పడకుండా పిల్లను రెక్కల కింద కాచింది పెట్ట. బరిలో వినిపించేవి మాత్రం పుంజు రంగు, దాన్ని పెంచిన మగవాడి పేరు.

మన చరిత్రలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన కోడిపందెం పల్నాటిది. 12వ శతాబ్దపు దాయాదుల పోరుకు ఆ పందెమే మలుపని వీరగాథ చెబుతుంది. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాయకురాలు నాగమ్మ పుంజు శివంగి డేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది ఒప్పందం. మాచర్ల పక్షం ఓడింది. చివరికి కథ కారెంపూడి రణరంగానికి చేరింది. శివంగి అంటే ఆడసింహమని మన వాడుక. నాగమ్మ గెలుపుకు మనవాళ్లు చెప్పుకునే కారణం మోసం. పుంజులను ఇద్దరూ దింపారు, పందెం ఇద్దరూ కాశారు, రాజ్యాన్ని కోడికాలికి కట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. అయినా ఒకరి ఎత్తుగడ నీతి అయింది, రెండోవారిది కుతంత్రం అయింది. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి నాగమ్మగా నటించారు. ఆ పాత్రకు అంతటి నటీమణులే కావలసి వచ్చారంటే, ఆ మంత్రిణి శక్తి ఎంతటిదో కథ చెప్పుకునేవాళ్లకు లోలోపల తెలుసన్నమాట. తెలిసీ దాన్ని బలం కింద రాయలేదు, కపటం కింద రాశారు.

ఇక మా కోడుమూరు వైపు వద్దాం. హంద్రి ఒడ్డు ఊరైనా చుట్టూ మెట్టపొలాలే. కర్నూలు పల్లెల్లో తిరునాళ్లకు, జాతరలకు ఎద్దులతో బండలాగుడు పోటీలు పెడతారు. పళ్లను బట్టి విభాగాలుంటాయి. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పోటీ ఎద్దుకు ఉలవలు ఉడకబెట్టి పెడతారు, ఒళ్లు రుద్దుతారు, ఫ్లెక్సీ వేస్తారు. కరువు ఏడాది కొలిమి మీద గిన్నె పెట్టించేది మాత్రం పెరట్లోని ఎనుము, నాలుగు మేకలు, గంపకింది కోళ్లు. వాటికి పోటీ లేదు, విభాగం లేదు. ఎండను ఎన్నాళ్లు ఓర్చుకుందో అడుగుల్లో కొలవలేరు కదా!

అయితే సేద్యం చేసే రైతుకు పోటీ నిర్వాహకుడికి తెలియని సంగతి ఒకటి తెలుసు. కాడికి రెండు బలమైన ఎద్దులను తెచ్చి కట్టినంత మాత్రాన జత కాదు. ఎలపటెద్దు, దాపటెద్దు అడుగు కలవాలి. ఒకటి ముందుకు దూకేదైతే రెండోది నిలకడగలది కావాలి. ఆ నిలకడను విడిగా సంతలో చూస్తే ఎవరూ ధర పెట్టరు. కాడి కింద పెట్టి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. నేను చెప్పబోయే ఆట చరిత్ర మొత్తం ఈ ఒక్క సంగతిని నేర్చుకోవడానికి పట్టిన కాలమే.

1996 ఫిబ్రవరిలో జపాన్‌లో నింటెండో గేమ్‌బాయ్ మీద పోకెమాన్ ఆట వచ్చింది. చేసింది గేమ్ ఫ్రీక్ అనే సంస్థ. చిన్నప్పుడు టోక్యో శివార్లలో పురుగులు పట్టి పోగుచేసిన సతోషి తజిరి ఆలోచన అది. ఆటగాడు ఊరూరా తిరిగి వింత జీవులను పట్టి, అందులోంచి ఆరింటిని జట్టుగా కట్టి, ఇతరుల జట్లతో పోరాడించాలి. మొదటి ఆటలో 151 జీవులు. ఒక్కొక్కదానికి ప్రాణబలం, దాడి, రక్షణ, వేగం అంటూ అంకెలు. పైగా నిప్పు, నీరు, గడ్డి, విద్యుత్తు అంటూ జాతులు. నీరు నిప్పును గెలుస్తుంది, గడ్డి నీటిని గెలుస్తుంది. కుక్కుటశాస్త్రం చదివినవాళ్లకు ఈ పట్టిక పరాయిది కాదు.

ఆ మొదటి ఆటలో ఆడ, మగ తేడా దాదాపు లేదు. ఒక్క నిడోరాన్‌కే ఆడ రూపం, మగ రూపం వేరుగా ఉన్నాయి. అవి పెరిగి నిడోక్వీన్, నిడోకింగ్ అవుతాయి. రాజుకు దాడి, వేగం ఎక్కువ. రాణికి ప్రాణబలం, రక్షణ ఎక్కువ. కొట్టేవాడు అతడు, ఓర్చుకునేది ఆమె. ఎవరూ కుట్ర పన్ని ఉండరు. మనసులో ముందే ఉన్న సంసారం అంకెల్లోకి దిగింది, అంతే.

1999లో వచ్చిన రెండో తరం ఆటలు దాదాపు అన్ని జీవులకూ లింగభేదం తెచ్చాయి. ఏ జీవి ఆడదో ఏది మగదో నిర్ణయించడానికి విడిగా అంకె పెట్టలేదు. ప్రతి జీవికీ పుట్టుకతో వచ్చే దాడి అంకె, సున్నా నుంచి పదిహేను దాకా, ఒకటి ఉంటుంది. సగం ఆడ సగం మగ పుట్టే జాతుల్లో ఆ అంకె ఏడు, అంతకన్నా తక్కువైతే ఆడది. ఎనిమిది, ఆ పైనైతే మగది. అంటే ఆ జాతుల్లో ఏ ఆడజీవికీ పూర్తి దాడి శక్తి ఉండే అవకాశమే లేదు. ఆడది కాబట్టి బలహీనం అనలేదు, బలహీనం కాబట్టి ఆడది అన్నారు! జెండర్ అనేది సామాజిక నిర్మాణమని తరగతి గదిలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కొద్దిపాటి జ్ఞాపకశక్తి ఉన్న యంత్రంలో చోటు కలిసొస్తుందని చేసిన సర్దుబాటు కావచ్చు. సర్దుబాటు ఎవరిమీద పడిందో మాత్రం చూడండి. అవే ఆటల్లో గుడ్లు, పిల్లలు కూడా వచ్చాయి. పిల్ల తల్లి జాతిలో పుడుతుంది, కానీ వారసత్వంగా వచ్చే ప్రత్యేక విద్యలు తండ్రి నుంచే. ఆడపిల్ల పాత్రను ఎంచుకుని ఆడే వీలు 2000 చివర్లో వచ్చిన క్రిస్టల్ ఆటతో మొదలైంది. దాడి అంకెకూ లింగానికీ ముడి 2002లో వచ్చిన మూడో తరంలో విడిపోయింది. తల్లి కూడా పిల్లకు ఆ విద్యలు నేర్పగలగడానికి 2013 దాకా పట్టింది.

ఇదంతా ఆట తయారుచేసినవాళ్ల కొలత. ఆడేవాళ్లు తమ కొలతలు తాము తయారుచేసుకున్నారు. 2004లో మొదలైన స్మోగన్ అనే ఆటగాళ్ల సమూహం జీవులను అంతస్తులుగా విభజించింది. వాడుకను బట్టి వేసిన అంతస్తుల్లో పైదాని పేరు 'అతిగా వాడేవి', దాని కిందిది 'తక్కువగా వాడేవి'. ఈ పేర్లను గమనించాలి. బలమైనవి, బలహీనమైనవి అనలేదు. ఒక జీవి ఎంతమంది జట్లలో కనిపిస్తోందో లెక్కపెట్టి, ఇరవై పోటీలాడితే ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం సగానికి సగం ఉంటే పై అంతస్తులో వేశారు. అది వాడుక లెక్క. అయినా కొత్తగా వచ్చినవాళ్లు ఆ పట్టికను బలాబలాల పట్టికగానే చదివారు. పైనున్నవాటినే తీసుకున్నారు, వాళ్లు తీసుకున్నారు కాబట్టి అవి పైనే ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలు గుర్తుకు రావడం లేదూ? ఒక కావ్యం పాఠంగా ఉంది కాబట్టి వ్యాసాలు వస్తాయి, వ్యాసాలు వచ్చాయి కాబట్టి పాఠంగా నిలబడుతుంది. పట్టికలో లేనిదాని మీద పరిశోధన చేస్తానంటే, దాని మీద ఇప్పటిదాకా ఎవరేం రాశారని అడుగుతారు.

కొలత మారితే విలువ ఎలా తారుమారవుతుందో కూడా ఈ ఆట చూపించింది. చాలా ఏళ్లు డ్రాగన్ జాతిదే పెత్తనం. 2013లో వచ్చిన ఆరో తరం ఆటల్లో ఫెయిరీ అనే పద్దెనిమిదో జాతిని కొత్తగా చేర్చారు. డ్రాగన్ దెబ్బ దానికి తగలనే తగలదు, దాని దెబ్బకు డ్రాగన్ నిలవదు. ఆ జాతిలోకి మార్చిన పాత జీవులేవి? క్లెఫెయిరీలాంటి గులాబీరంగు ముద్దుబొమ్మలు, గార్డెవాయిర్‌లాంటి పొడవాటి గౌను రూపాలు. 'ఆడపిల్లలకు నచ్చేవి' అని పక్కన పెట్టినవే ఎక్కువ. క్లెఫెయిరీ పెద్దదైతే అయ్యే క్లెఫేబుల్ ఆ తర్వాత స్మోగన్ పై అంతస్తుకు చేరింది. అది నిన్న బలహీనంగా ఉండి ఇవాళ కసరత్తు చేసి బలపడలేదు. పట్టికలో ఒక గడి కొత్తగా గీశారు.

ఇప్పుడు అసలు కథ. 2014 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్‌లో పోకెమాన్ ప్రపంచ పోటీలు జరిగాయి. పెద్దల విభాగంలో గెలిచింది దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్. అతని జట్టులో గార్చాంప్, గ్యారడోస్‌లాంటి పేరుమోసిన జీవులున్నాయి. వాటి పక్కన పచిరిసు అనే చిన్న ఉడుత ఉంది. 2006లో వచ్చిన ఈ విద్యుత్ ఉడుత మూలాంకెలన్నీ కలిపితే 405. గార్చాంప్‌వి 600. ఉడుత దాడి అంకె 45 మాత్రమే. ప్రపంచ పోటీకి దాన్ని తెస్తారని ఎవరూ అనుకోలేదు.

పార్క్ దాన్ని ఎందుకు ఎంచుకున్నాడు? ఆ పోటీల్లో ఒక్కోవైపు రెండేసి జీవులు ఒకేసారి బరిలో ఉంటాయి. పచిరిసుకు 'ఫాలో మీ' అనే విద్య వచ్చు. అది వాడితే ఆ దఫా ప్రత్యర్థులు పక్కనున్న జీవిని గురిపెట్టి కొట్టే దెబ్బలు ఉడుత మీదికి మళ్లుతాయి. పక్కనున్న గ్యారడోస్ మహా బలశాలి, కానీ విద్యుత్తు దెబ్బకు నాలుగింతలు నష్టపోతుంది. ఉడుతకు విద్యుత్తును ఒంట్లోకి పీల్చుకుని ప్రాణబలంగా మార్చుకునే గుణం ఉంది. గ్యారడోస్‌ను చంపగలిగిన దెబ్బే దీనికి ఆహారం. పార్క్ దాని తర్ఫీదునంతా ఓర్పు మీద, రక్షణ మీద పెట్టాడు. విడిగా తూచితే అట్టడుగున ఉన్న జీవి, జతలో పెడితే జట్టుకు ఇరుసు అయింది. మన ఎలపట, దాపట సూత్రమే ఇది.

ఈ కథ విన్నప్పుడు మొదట కలిగేది సంతోషం. చిన్నది పెద్దవాటి మధ్య నిలిచి గెలిచింది. కానీ ఆ సంతోషంలోనే ఒక ఉచ్చు ఉంది. అక్కడ స్త్రీవాదులు ఒక్క క్షణం ఆగాలి. దెబ్బలన్నీ తన మీదికి తిప్పుకుని పక్కవాడిని గెలిపించడం అనే గుణాన్ని మన సంస్కృతి ఎప్పుడు తక్కువ చేసింది? భూదేవంత ఓర్పు అని పొగడలేదా? తల్లి త్యాగం మీద, ఇల్లాలి సహనం మీద ఎన్ని పద్యాలు లేవు? అలాంటప్పుడు పచిరిసును మెచ్చుకుంటే పాత పాటకే కొత్త వంత పాడినట్టు కాదా?

నా ఉద్దేశంలో తేడా ఇక్కడుంది. ఓర్పును పొగడటం వేరు, ఓర్పును లెక్కలో వేయడం వేరు. పొగడ్త ఖర్చు లేనిది. పొగిడి, కొలతను మాత్రం ఎప్పటిలాగే కొట్టిన దెబ్బల మీద పెట్టుకోవచ్చు. కోడుమూరు మగ్గాల సంగతే చూద్దాం. నూలు కండెలకు చుట్టడం మొదలుకొని మగ్గం ఎక్కకముందు జరిగే పనిలో ఎక్కువ భాగం ఇంటి ఆడవాళ్లది. ఆ చేతులు ఆగితే మగ్గం ఆగుతుంది. అయినా నేతగాడు అంటే మగ్గం గుంటలో కూర్చున్నవాడే. చీరకు కూలి కడతారు, కండెకు వేరుగా కట్టరు. 'ఆడవాళ్లు లేకపోతే మా పని సాగదమ్మా' అని ఏ ఇంట్లో అడిగినా ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోలు కూలి లెక్కలోకి మాత్రం రాదు. పార్క్ చేసింది పొగడ్త కాదు. దెబ్బ తినడమనే పనికి జట్టులో ఒక చోటు కేటాయించాడు, ఆ పనికి తగిన తర్ఫీదు ఇచ్చాడు, ఆ పనిని బట్టి మిగతా జట్టును సర్దాడు. పైగా ఆ ఉడుత కూలిపోవడానికి తెచ్చిన బలిపశువు కాదు. తన గుణంతో తానూ నిలబడింది. త్యాగానికీ, విలువ కట్టిన శ్రమకూ మధ్య ఉన్న దూరం అదే.

ఫోన్‌లో ఆడే పోకెమాన్ గో ఈ లెక్కను ఇంకో మలుపు తిప్పింది. 2016 డిసెంబరులో మన దేశానికి వచ్చిన ఈ ఆటకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఇందులో జీవి మొత్తం శక్తిని ఒకే అంకెగా చూపిస్తారు. ఆ అంకెను కట్టే సూత్రంలో దాడిని పూర్తిగా గుణిస్తారు, రక్షణనూ ప్రాణబలాన్నీ మాత్రం వర్గమూలాలుగా తీసుకుంటారు. కొట్టే శక్తికి నిండు విలువ, ఓర్చే శక్తికి కోత విలువ అన్నమాట. కానీ 2018 చివర్లో ఆటగాళ్ల మధ్య పోటీలు మొదలుపెట్టి, గ్రేట్ లీగ్‌లో 1500కు మించిన జీవిని రానివ్వమన్నారు. దాంతో విచిత్రం జరిగింది. దాడి ఎక్కువున్నవి తొందరగా హద్దుకు చేరిపోతాయి. దాడి తక్కువ, ఓర్పు ఎక్కువ ఉన్నవి అదే హద్దు లోపల ఇంకా ఎక్కువ బలాన్ని దాచుకోగలవు. పుట్టుకతో దాడి అంకె సున్నా ఉన్నదాన్ని ఆటగాళ్లు వెతికి మరీ పట్టుకోవడం మొదలుపెట్టారు. 1999లో ఏ తక్కువ అంకె ఒక జీవిని ఆడదిగా ముద్రవేసిందో, అలాంటి తక్కువ అంకే ఇక్కడ కోరుకునే గుణమైంది.

అయితే ఆ ఆట నడిచి ఆడేది. వీధులు తిరగాలి, గుళ్లూ విగ్రహాలూ ఉన్న కూడళ్లకు వెళ్లాలి. ఇంట్లో ఫోన్ ఎవరి చేతికి ముందు వస్తుంది, పొద్దు వాలాక కోడుమూరు బస్టాండు దాకా ఒంటరిగా నడిచి వచ్చే వీలు ఎవరికుంది అన్నది ఆ సూత్రాల్లో ఎక్కడా రాయలేదు. తమ్ముడు ఊరంతా తిరిగి నూరు జీవులు పడితే, అక్క గడప దగ్గర దొరికిన పదింటితోనే జట్టు కట్టుకోవాలి. తక్కువగా లెక్కగట్టినవాటితో నెగ్గుకురావడం కొందరికి సరదా, ఇష్టపడి తీసుకున్న సవాలు. కొందరికి అది తప్పనిసరి. రెండింటినీ ఒకే సాహసంగా చెప్పడం సరికాదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. పార్క్ జట్టులో ఆరింటిలో ఉడుత ఒక్కటే అంత చిన్నది. ఆ గెలుపు చూసి పచిరిసును తెచ్చి ఏ జట్టులో పెట్టినా గెలుస్తుందనుకుంటే పొరపాటు. గ్యారడోస్ లేనిచోట, దాని పనికి చోటు లేనిచోట, అది మళ్లీ 405 అంకెల ఉడుతే. సంకలనంలో ఒక కవయిత్రి, సదస్సులో ఒక దళిత రచయిత్రి, పాఠ్యప్రణాళికలో ఒక ముస్లిం కథకురాలు అని లెక్క సరిచేసే పద్ధతి మనకు బాగా తెలుసు. జట్టును మార్చకుండా ఒకరిని తెచ్చి చేర్చి, ఆమె నెగ్గలేదని తర్వాత తీర్పు చెబుతారు.

18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనము' గతి చూడండి. మగకవుల శృంగారాన్ని కొలిచిన కొలతతో దాన్ని కొలవలేదు. వీరేశలింగం అశ్లీలమన్నారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1991లో సూసీ తారు, కె. లలిత 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' సంకలనం తెచ్చినప్పుడు ముద్దుపళనిని ఊరికే ఒక పేరుగా చేర్చి వదిలేయలేదు. ఆమెను ఎందుకు చదవలేకపోయామో, ఆమెను చదవాలంటే సాహిత్య చరిత్రను ఎలా తిరగరాయాలో చర్చించారు. అంటే కాడినే మళ్లీ సరిచేశారు.

మరుగునపడ్డ రచయిత్రులను వెలికితీసే పనిలో ఉన్న మనం 'ఈమె కూడా గొప్పదే' అని నిరూపించడానికి తాపత్రయపడుతుంటాం. గొప్ప అన్న మాట ఏ పట్టికలోంచి వచ్చిందో అడగకుండా చేసే ఆ నిరూపణ, ఉడుతకు డ్రాగన్ వేషం వేయడంలాంటిది. ఉడుత ఉడుతగానే ఉండి చేసిన పని ఏమిటి, ఆ పని మన సాహిత్య చరిత్రలో ఎవరెవరిని నిలబెట్టింది, ఏ దెబ్బ ఎవరి మీద పడకుండా కాచింది అని రాయగలిగితే అది వేరే చరిత్ర అవుతుంది. అందులో పెట్టకు, దాపటెద్దుకు, కండెలు చుట్టిన చేతికి పేరుపేరునా పద్దు రాయవలసి ఉంటుంది. నాగమ్మ పేరు ఎదుట కపటం అన్న మాట కొట్టేసి ఏ మాట రాయాలో అప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.